ఒకే దొడ్డిలో నాలుగు పుంజులు

చిన్నకోడలు గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుని అప్పటికి పద్నాలుగు గంటలయింది. లోపల ఆమె, ఆమెతో పాటు నెత్తిన తురాయి చీలిన తెల్ల పుంజు.

తలుపు ముందు అత్తగారు పీట వేసుకుని కూర్చుంది. పక్కన నేలమీద టీ గ్లాసు చల్లారి మీగడ కట్టింది. అది మూడో గ్లాసు.

"అమ్మాయ్, నువ్వు తినకపోతే మానె. ఆ కోడికన్నా నీళ్ళు పెట్టావా?"

లోపలినుంచి గరగరమంటూ ఒక కూత మొదలై, సగంలో తెగిపోయింది.

"బతికే ఉంది," అంది అత్తగారు తనలో తను అనుకుంటున్నట్టు.

పెద్దకోడలు వంటింటి గుమ్మం దాటి ఇవతలకి రాలేదు. కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతోంది. నిన్న సాయంత్రం నెత్తురు కారుతున్న పుంజుని గుండెకి హత్తుకుని చిన్నకోడలు అన్న మాట ఇంకా ఆమె చెవిలోనే ఉంది. "మీ మేస్త్రి నా దూదిని పొడిచాడంటే నువ్వు పొడిచినట్టే అక్కా."

మూడు వారాల కిందటిదాకా ఈ ఇంట్లో రెండే పుంజులుండేవి. ఎర్రటి మేస్త్రి, తోక నేల ఊడ్చే చీపురు. వాటి కింద ముప్పై పెట్టలు. రోడ్డు వెడల్పు చేయడానికి మరిదివాళ్ళు అద్దెకున్న ఇల్లు కూలగొట్టారు. మరిదీ చిన్నకోడలూ రెండు పెట్టెలు, పన్నెండు పెట్టలు, ఇంకో రెండు పుంజులతో వచ్చి చేరారు. ఒకటి తెల్లటి దూది, ఇంకోటి కూత మధ్యలో ఆగి ఆగి కూసే నత్తి. రాత్రి బస్సు డ్యూటీలకీ ఇళ్ళ వేటకీ పోను మరిది ఇంటిపట్టున ఉండేదే తక్కువ. మనుషులు గదులు సర్దుకున్నారు. పుంజులు సర్దుకోలేదు. దొడ్డి మధ్య ఇనప జాలీ కట్టి, దానికి ఒక తలుపు పెట్టి, ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చారు. నిన్న ఆ తలుపు తెరిచి ఉంది.

వెల్డింగు షాపుకి బయల్దేరుతూ పెద్దకొడుకు చెప్పులేసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగాడు.

"అమ్మా, కోళ్ళ కొట్టతనికి చెప్పాను. ఆదివారం పొద్దున వస్తాడు. నాలుగు పుంజుల్నీ పట్టుకుపోతాడు."

గిన్నె చప్పుడు ఆగింది. "నాలుగూనా?" అంది పెద్దకోడలు.

"రెండు పంపిస్తే ఒకళ్ళకి కోపం. నాలుగూ పంపిస్తే ఎవరికీ అన్యాయం లేదు. పుంజు లేకపోయినా పెట్టలు గుడ్లు పెడతాయి. ఆ మాత్రం నాకూ తెలుసు."

"పెడతాయి. పిల్లలవ్వవు. వచ్చే ఏడాదికి ముసలి పెట్టలు మిగులుతాయి, ఆ తర్వాత ఖాళీ గంపలు."

"ఇంట్లో శాంతి మిగులుతుంది కదా. నిన్న ఇద్దరూ అరుచుకున్న అరుపులకి పక్కింటి ముసలాయన దొంగలు పడ్డారనుకుని కర్ర పట్టుకుని వచ్చాడు."

మూసిన తలుపు వెనకనుంచి మొదటిసారి గొంతు వినిపించింది. మెల్లగా, స్పష్టంగా.

"దూదిని గంపలో వేస్తే నేనూ ఆ గంపలోనే కూర్చుంటాను బావగారూ. మోసుకెళ్ళమనండి."

పెద్దకొడుకు తల్లి వైపు చూశాడు. తల్లి తలుపు వైపు చూసింది. అతను నెమ్మదిగా మెట్లు దిగిపోయాడు.

అత్తగారు లేచి తన గదిలోకి వెళ్ళి ఒక రేకు డబ్బా తెచ్చుకుంది. ఆవిడ ముప్పై ఏళ్ళు ఆస్పత్రిలో ఆయాగా చేసింది. రిటైరయ్యేటప్పుడు అందరూ శాలువాలూ గడియారాలూ తెచ్చుకుంటే ఈవిడ ఒక వంకీ సూది, దారపు ఉండ, ఊదారంగు మందు సీసా తెచ్చుకుంది.

"ఇదిగో అమ్మాయ్, నా దగ్గర సూది ఉంది. ఆ చీలిక అలా వదిలేస్తే చీము పడుతుంది. నేనొక్కదాన్నే వస్తాను."

లోపల నేలమీద కాలు ఈడ్చిన చప్పుడైంది. తర్వాత గడియ కిర్రుమంది.

తలుపు సందులోంచి పెద్దకోడలికి లోపల కొంచెం కనిపించింది. మంచం పక్కన అట్టపెట్టె, దానిమీద తీగకి వేలాడుతున్న బల్బు. నేలమీద చిన్నకోడలు ఎడమ కాలు చాపుకుని కూర్చుని ఉంది. ఆ కాలు ముడవదు.

రెండేళ్ళ కిందట ఆమె మేడ కడుతున్న చోట పరంజా మీదనుంచి పడింది. గోడలకి రంగులు వేసే పని. నాలుగు నెలలు మంచం దిగలేదు. ఎవరో పది గుడ్లిస్తే మంచం పక్కన ఇదే బల్బు కింద పెట్టుకుంది. తొమ్మిది కుళ్ళిపోయాయి. పదోది దూది. ఆమె మళ్ళీ లేచి మొదటి అడుగు వేసింది గది మూలకి పారిపోయిన ఆ పిల్లని పట్టుకోడానికే. ఇదంతా పెద్దకోడలికి మరిది ఎప్పుడో చెప్పాడు. అప్పుడు నవ్వుతూ విన్నది.

అత్తగారు నాలుగు కుట్లు వేసింది. పుంజు కిక్కురుమనలేదు. కుట్టు పడ్డప్పుడల్లా చిన్నకోడలే ఊపిరి బిగబట్టింది.

సాయంత్రం పెద్దకొడుకు ఇంటికొచ్చేసరికి ఆవిడ తీర్పు సిద్ధంగా ఉంది.

"ఒరేయ్ పెద్దోడా, ఈ ఆదివారం కాదు. వచ్చే ఆదివారం రమ్మను. నేను వేసిన కుట్లు ఊడకముందే దాన్ని కత్తికివ్వడం నాకు నచ్చలేదు."

"అప్పుడు మాత్రం?"

"పన్నెండు రోజులుంది. ఆ రోజుకి నాలుగూ ఒకే దొడ్డిలో నెత్తురు కారకుండా తిరిగితే సరే. తిరక్కపోతే నేనే దగ్గరుండి పట్టిస్తాను." ఆవిడ ఇద్దరు కోడళ్ళనీ మార్చి మార్చి చూసింది. "ఆ తర్వాత నా దగ్గర ఎవరూ ఏడవకూడదు."

మర్నాడు పెద్దకోడలు ఎవరికీ చెప్పకుండా పశువుల ఆస్పత్రికి వెళ్ళింది. డాక్టరమ్మ ఒక మేకకి సూది వేస్తూనే అంతా వింది.

"పెట్టలెన్ని?"

"నలభై రెండు."

"పుంజులు నాలుగు. పదింటికొకటి. లెక్క సరిగ్గానే ఉంది. కాబట్టి గొడవ పెట్టల కోసం కాదు. దాణా ఎన్నిచోట్ల పోస్తారు?"

"ఒక తొట్టిలో."

"నీళ్ళు?"

"ఒక్క బాన."

"దొడ్డిలో అడ్డంగా ఏమన్నా ఉన్నాయా? చెట్టో, గోడో?"

"లేవండీ. శుభ్రంగా ఊడ్చి ఉంచుతాను."

డాక్టరమ్మ మేకని వదిలి చేతులు కడుక్కుంది. "అదే మీ తప్పు. ఆ దొడ్డిలో ఓడిపోయిన పుంజు ఎక్కడికి పోవాలి? ఏ మూలకెళ్ళినా గెలిచినవాడి కళ్ళముందే ఉంటుంది. కనిపించినంతసేపూ వాడు కొడుతూనే ఉంటాడు. పొడుచుకోవడం వాటి పద్ధతి. ఎవరు పెద్దో తేలితే ఆగిపోతాయి. కానీ ఓడినవాడికి తప్పుకునే దారి ఉండాలి. దారి లేకపోతే అది పోట్లాట కాదు, చంపడం."

పెద్దకోడలు తల దించుకుంది.

"నాలుగు చోట్ల దాణా పెట్టండి. ఒక చోటునుంచి ఇంకో చోటు కనిపించకూడదు. మధ్యలో అడ్డాలు నిలబెట్టండి. కాలి వెనక ముళ్ళు మొద్దుచేయండి. ఎర్రగా ఉన్న గాయం చూస్తే మిగతా కోళ్ళూ పొడుస్తాయి, మానేదాకా ఊదామందు పూయండి. పదిరోజులు జాలీ అవతలా ఇవతలా ఒకళ్ళనొకళ్ళు చూసుకోనివ్వండి. ఆ తర్వాత దొడ్డి మొత్తం మార్చేసి, నాలుగింటినీ ఒకేసారి వదలండి. ఎవరికీ అది సొంత చోటు కాకూడదు." ఆమె చేతులు తుడుచుకుంది. "మొన్న వాటిని కలిపిందెవరు?"

"ఎవరూ కాదండీ. గొళ్ళెం ఊడింది."

డాక్టరమ్మ ఆమె మొహం కాసేపు చూసింది. "గొళ్ళేలు వాటంతటవి ఊడవమ్మా," అని ఇంకో మేకని పిలిచింది.

ఆ సాయంత్రమే పెద్దకోడలు పని మొదలుపెట్టింది. అటకమీది విరిగిన తలుపులు రెండు దించింది. భర్త షాపులో తుప్పు పట్టిన రేకులడిగింది. ఎందుకని అతను అడిగాడు. చెప్పింది.

"పుంజులకి గదులు కడుతున్నావా? రేపు అద్దెకి కూడా ఇస్తావేమో."

"రేకులిస్తారా, ఇవ్వరా?"

ఇచ్చాడు. ఆమె మోయలేక నేలమీద ఈడ్చుకొచ్చింది. పక్కింటి ముసలాయన గోడమీద గడ్డం ఆనించి చూస్తూ, "ఏమ్మా, సంతకి కొట్లు వేస్తున్నావా?" అన్నాడు. ఆమె వినిపించుకోలేదు. రెండు రోజులు ఒక్కతే చేసింది. చిన్నకోడలు కిటికీలోంచి చూస్తూనే ఉంది. అత్తగారి ద్వారానే ఉప్పు అడిగారు, అత్తగారి ద్వారానే ఇచ్చుకున్నారు.

మూడో రోజు పొద్దున పెద్దకోడలు గోడ పక్కన ఒక రేకు నిలబెడుతుంటే వెనకనుంచి కాలు ఈడ్చే చప్పుడు వినిపించింది.

"అక్కడ పెడితే మూల అవుతుంది," అంది చిన్నకోడలు. "మూలలో ఇరుక్కుంటే చస్తాడు. గోడకి జానెడు ఎడం ఉండాలి. రెండు పక్కలా దారి ఉండాలి."

పెద్దకోడలు రేకు జరిపింది. "ఇలాగా?"

"ఇంకాస్త."

అంతే. ఆ రోజు రేకుల మాటలు తప్ప ఇంకేమీ మాట్లాడుకోలేదు. కానీ సాయంత్రానికి ఏడు అడ్డాలు లేచాయి. రంగులు వేసిన చేతి అలవాటు వల్లనేమో, ఏ మూలనుంచి ఏది కనిపిస్తుందో చిన్నకోడలు ఒక్క చూపులో చెప్పేసేది. నేలమీద కూర్చుని, పుంజు కంటి ఎత్తుకి తల వంచి చూసేది. "ఇక్కణ్ణించి ఆ తొట్టి కనబడుతోంది," అనేది. పెద్దకోడలు వెళ్ళి తొట్టి జరిపేది.

జాలీకి ఇవతల మేస్త్రి మొదటి రోజులన్నీ మెడ ఈకలు గొడుగులా విప్పుకుని అటూ ఇటూ గస్తీ తిరిగాడు. ఆరో రోజుకి అలిసిపోయి జాలీకి వీపు పెట్టి దుమ్ములో పొర్లాడు. ఏడో రోజు అవతల దూది కూడా పొర్లాడాడు. ఇద్దరి మధ్యా జానెడు దూరం.

ఆ రోజే ముళ్ళు మొద్దు చేయాలనుకున్నారు. పెద్దకొడుకు అడక్కుండానే షాపునుంచి సన్నటి ఆకురాయి తెచ్చి గుమ్మంలో పెట్టి పోయాడు. పెద్దకోడలు మేస్త్రిని ఒళ్ళో పెట్టుకుని కాళ్ళు పట్టుకుంది. చిన్నకోడలు ఎదురుగా కూర్చుని అరగదీస్తోంది. దగ్గరగా చూస్తే ఆ ముల్లు చూపుడువేలంత ఉంది. దాని మొన మీద ఎండిన నెత్తురు చార ఇంకా ఉంది.

చిన్నకోడలు దాన్ని తడిగుడ్డతో తుడిచింది.

"ఆ రోజు గొళ్ళెం నేనే తీశాను," అంది పెద్దకోడలు.

ఆకురాయి ఆగింది.

"ఒకసారి తేల్చుకుంటే తగ్గిపోతుందనుకున్నాను." ఆమె మేస్త్రి రెక్కలు సర్దింది. "కాదు. అది అబద్ధం. మా మేస్త్రే గెలుస్తాడని తీశాను. నువ్వొచ్చినప్పట్నుంచీ అత్తయ్య ఏది అడిగినా నిన్నే అడుగుతోంది. కనీసం దొడ్డిలోనన్నా నాది పైచేయి అవుతుందని."

"ఎంతసేపు చూశావు?"

"దూది మూలకి పోయేదాకా."

"పోయాక?"

"ఇంకాసేపు."

చిన్నకోడలు ఆకురాయి నేలమీద పెట్టి, గోడ పట్టుకుని లేచి ఇంట్లోకి వెళ్ళిపోయింది. మేస్త్రి ఒక కాలి ముల్లు అరిగింది, ఇంకో కాలిది అరగలేదు. పెద్దకోడలు వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. కాళ్ళు తిమ్మిరెక్కాయి. లేచి ఎక్కడికి పోవాలో ఆమెకి తెలియలేదు.

అరగంటకి కాలు ఈడ్చే చప్పుడు మళ్ళీ వినిపించింది.

"వాణ్ణి సరిగ్గా పట్టుకో. రెండోది ఉంది," అంది చిన్నకోడలు కూర్చుంటూ. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆకురాయి అందుకుంది. నాలుగు గీతలు గీశాక చెప్పింది. "నాకు తెలుసు అక్కా. కిటికీలోంచి చూశాను."

పెద్దకోడలి పట్టు సడలి మేస్త్రి కాలు విదిల్చుకున్నాడు.

"లేచి వచ్చేసరికి ఆలస్యమైంది. ఈ కాలుతో పరిగెత్తలేను కదా. గడియ పెట్టుకుంది దూది కోసమొక్కటే కాదు. నువ్వు వచ్చి చెబుతావేమోనని. మొదటి రోజు చెప్పలేదు. రెండో రోజూ చెప్పలేదు. రేకులు మోస్తుంటే చూశాను, చేతులు కోసుకుపోయినా మోశావు. సరే, పనిచేస్తోంది కదా అనుకున్నాను. కానీ ఆ మాట చెప్పకుండా ఆదివారం వచ్చుంటే, దూదిని నేనే పట్టిచ్చేసి వెళ్ళిపోయేదాన్ని. ఇంకెప్పుడూ ఈ గుమ్మం తొక్కేదాన్ని కాదు."

"నన్ను తిట్టు," అంది పెద్దకోడలు.

"తిడతాను. ముందు ఈ కాలు తిప్పు."

తిట్టింది కూడా. దూదికి ముళ్ళు అరగదీస్తున్నంతసేపూ, నత్తికి అరగదీస్తున్నంతసేపూ తిట్టింది. చీపురు వంతు వచ్చేసరికి తిట్లు అయిపోయాయి. ఆ రాలిన పొడి చూసి, దీన్ని అత్తయ్య పళ్ళపొడి అనుకుంటుందేమో అని ఇద్దరిలో ఒకరన్నారు. ఇద్దరూ కళ్ళు తుడుచుకుంటూ నవ్వుకున్నారు. అత్తగారు లోపలినుంచి విని, టీ పొయ్యి మీద పెట్టింది.

పదకొండో రోజు, శనివారం. పొద్దున్నే నాలుగు పుంజుల్నీ నాలుగు గంపల కింద మూశారు. జాలీ పూర్తిగా ఊడదీశారు. అడ్డాలన్నీ కొత్తగా నిలబెట్టారు. దాణా తొట్లు, నీళ్ళ బానలు, పడుకునే కర్రలు, ఏదీ నిన్నటి చోట లేదు. పెట్టలు కొత్త ఊరికి వచ్చినట్టు మెడలు సాచి తిరుగుతున్నాయి.

అత్తగారు పీట తెచ్చుకుని గట్టుమీద కూర్చుంది. పెద్దకొడుకు షాపు తెరవలేదు. చేతిలో పొడుగాటి కర్ర పట్టుకున్నాడు. గోడమీద పక్కింటి ముసలాయన గడ్డం ఉంది.

"ఒకేసారి," అంది చిన్నకోడలు.

నాలుగు గంపలూ లేచాయి.

ముందు ఏమీ జరగలేదు. మేస్త్రి రెక్కలు విదిల్చి, ఇది ఎక్కడి దొడ్డిరా అన్నట్టు చూశాడు. అటునుంచి దూది అడ్డం పక్కగా వచ్చాడు. ఇద్దరి చూపులూ కలిశాయి. మెడ ఈకలు లేచాయి. తలలు నేలకి దించి ముక్కులు ఎదురెదురుగా పెట్టుకుని నిలబడ్డారు.

ఒక్క ఎగురు. రొమ్ములు ఢీకొన్న చప్పుడు గట్టుదాకా వినిపించింది. రెండో ఎగురు. తెల్ల ఈక ఒకటి గాల్లోకి లేచింది.

పెద్దకొడుకు కర్ర ఎత్తాడు.

"ముట్టుకోకండి," అంది పెద్దకోడలు. కర్రకి అడ్డంగా చెయ్యి పెట్టింది. "నెత్తురు రాలేదు. ఆగండి."

మూడో ఎగురుకి దూది పక్కకి పడ్డాడు. లేచి పరిగెత్తాడు. మేస్త్రి వెంటపడ్డాడు. చిన్నకోడలు పెద్దకోడలి చెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగేంత గట్టిగా పట్టుకుంది.

దూది గోడ వైపు పోయాడు. రేకు, గోడ మధ్య ఆ జానెడు సందులోంచి దూరి అవతలికి వచ్చి, విరిగిన తలుపు చుట్టూ తిరిగి మాయమయ్యాడు. మేస్త్రి రేకు దగ్గరికి వచ్చి ఆగాడు. ఇటు చూశాడు. అటు చూశాడు. ఎదుట శత్రువు లేడు. ఉత్త రేకు ఉంది.

కొంచెంసేపు అలా నిలబడ్డాడు. తర్వాత, పని అయిపోయిందన్నట్టు, నేల గీరి టుక్ టుక్ మంటూ పెట్టల్ని పిలిచాడు. అక్కడ గింజ కూడా లేదు. పెట్టలు నమ్మి వచ్చాయి.

"అంతేనా?" అన్నాడు పెద్దకొడుకు. కర్ర ఇంకా గాల్లోనే ఉంది.

"అంతే," అంది అత్తగారు. "నువ్వా కర్ర దించు, చెయ్యి నొప్పి పుడుతుంది."

మధ్యాహ్నంలోగా ఇంకో మూడుసార్లు తలపడ్డారు. నత్తి, చీపురు ఒకసారి. దూది, చీపురు ఒకసారి. నీళ్ళ దగ్గర మళ్ళీ మేస్త్రి, దూది. ప్రతిసారీ ముందుకన్నా తక్కువ. ఆఖరిసారి మేస్త్రి మెడ చాపగానే దూది తల పక్కకి తిప్పుకుని రెండో బాన దగ్గరికి నడిచాడు. పరిగెత్తలేదు. నడిచాడు. ఆ నడక చూసి చిన్నకోడలు గట్టుమీద కూలబడింది.

ఎండ వాలేవేళకి దొడ్డి నాలుగు వాటాలైంది, ఏ జాలీ లేకుండానే. విరిగిన తలుపు అవతలనుంచి దూది కూశాడు. పన్నెండు రోజుల్లో మొదటి నిండు కూత. అది ఎక్కడా తెగలేదు. మేస్త్రి తల తిప్పి విన్నాడు. తనూ ఒకటి కూశాడు. తర్వాత చీపురు. చివరగా నత్తి మొదలుపెట్టి, మధ్యలో ఆగి, అందరూ ఎదురుచూస్తుండగా మిగతాది పూర్తిచేశాడు. గోడమీద ముసలాయన చప్పట్లు కొట్టాడు.

ఆదివారం కోళ్ళ కొట్టతను సైకిలుకి రెండు గంపలు కట్టుకుని వచ్చాడు. దొడ్డి తలుపు దగ్గర నిలబడి చూశాడు. నాలుగు పుంజులు, నాలుగు గుంపులు, మధ్యలో రేకుల మీద ఎండ.

"ఇవి కొట్టుకోవడం లేదే," అన్నాడు. "చంపుకుంటున్నాయని చెప్పారు?"

"ఎవరు చెప్పారు?" అంది అత్తగారు.

అతను పెద్దకొడుకు వైపు చూశాడు. పెద్దకొడుకు ఆకాశం వైపు చూశాడు.

"మావాడికి తోచక పిలిచాడులే. టీ తాగి వెళ్ళు నాయనా."

అతను టీ తాగుతూ ఇంకోసారి లేచి వెళ్ళి అడ్డాలు లెక్కపెట్టుకున్నాడు. వెళ్ళేముందు పెద్దకోడలి దగ్గర ఆగి గొంతు తగ్గించాడు. "మా కొట్లో రోజూ రెండు చస్తున్నాయమ్మా పొడుచుకుని. ఒకసారి వచ్చి చూస్తారా?"

"ఇద్దరం వస్తాం," అంది పెద్దకోడలు. "ఎక్కడ ఏది కనిపిస్తుందో ఆవిడ చెప్పాలి. నేను మోస్తాను."

ఖాళీ గంపలు చప్పుడు చేసుకుంటూ వెళ్ళిపోయాయి. పెద్దకొడుకు దొడ్డిలోకి దిగి ఒక రేకుని వేలితో నెట్టి చూశాడు.

"ఇవి గాలికి పడిపోతాయి. కాళ్ళు వెల్డింగు చేసిపెడతాను," అన్నాడు ఎవరి మొహమూ చూడకుండా. అతని నోటినుంచి ఓటమి మాట అంతకన్నా స్పష్టంగా రాదని భార్యకి తెలుసు. ఆమె గిన్నెడు నీళ్ళు మొహాన కొట్టుకుని, తడి మొహంతోనే నవ్వింది.

అప్పుడే వీధి తలుపు చప్పుడైంది. మరిది. బస్సు డ్యూటీ దిగి యూనిఫాం విప్పకుండానే వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. జేబులోంచి తాళంచెవి తీసి అందరికీ కనిపించేలా పట్టుకున్నాడు.

"ఇల్లు దొరికింది వదినా. బుధవారం దిగిపోవచ్చు. ఇంక మీకు ఇబ్బంది లేదు."

అతను భార్య వైపు చూశాడు. ఆమె దొడ్డి వైపు చూస్తోంది.

"ఏం, సంతోషంగా లేదా? మొన్నటిదాకా రోజూ అడిగావు కదా. మన పన్నెండు పెట్టలూ రెండు పుంజులూ పట్టుకుని..."

"ఏవి మనవి?" అంది చిన్నకోడలు.

అతను దొడ్డిలోకి చూశాడు. బూడిదరంగు పెట్ట, అతను తన చేత్తో బస్సులో తెచ్చింది, మేస్త్రి పక్కన గింజలేరుకుంటోంది. మచ్చల పెట్టలు మూడు నత్తి వెనక ఉన్నాయి. దూది చుట్టూ ఉన్నవాటిలో సగం వదినవి.

"ఇప్పుడు వీటిని విడదీస్తే మళ్ళీ మొదటికొస్తుంది," అంది చిన్నకోడలు. పెద్దకోడలికేసి తిరిగింది. "కొత్త చోట కొత్తగా కొట్టుకుంటాయి. కదా అక్కా?"

నెలరోజులుగా పెద్దకోడలు ఏ మాట కోసం ఎదురుచూసిందో ఆ మాట మరిది నోట వచ్చింది. ఇప్పుడది వస్తే ఆమెకి వద్దనిపించింది. చెయ్యి చాపి తాళంచెవి అందుకుంది. కొత్తది కాదు, అరిగిపోయి ఉంది. పెద్ద తలుపుకి వేసే రకం.

"ఆ ఇంటికి దొడ్డి ఉందా?" అంది.

"దొడ్డే ఎక్కువ వదినా. ఇంటిచుట్టూ ఖాళీ. దీనికి మూడింతలుంటుంది. అందుకే చౌకగా వచ్చింది."

తోడికోడళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ చూపు గట్టుమీద కూర్చున్న అత్తగారికి అర్థమైనంత తొందరగా మగవాళ్ళకి అర్థం కాలేదు. ఆవిడ పీట ముందుకి జరుపుకుంది.

"గదులెన్నిరా?"

"నాలుగమ్మా."

పెద్దకొడుకు రేకు మీదనుంచి చెయ్యి మెల్లగా తీశాడు.

"నాలుగు గదులు ఎవరికి?" అన్నాడు.

పెద్దకోడలు అప్పటికే చెప్పులేసుకుంటోంది. చిన్నకోడలు ఆమె భుజం మీద చెయ్యి వేసి మెట్టు దిగింది.

"పద అక్కా," అంది. "ముందు చూసొద్దాం."